చిలకపచ్చ గోడ: షేడ్ కార్డులో నచ్చిన రంగు ఇంట్లో ఎందుకు మారిపోతుంది

పెయింట్ షాపులో షేడ్ కార్డు తిప్పుతూ లేత అరటాకు రంగు దగ్గరికి వచ్చేసరికి చాలామంది చెయ్యి ఆగిపోతుంది. అగ్గిపెట్టె అంత ముక్కలో ఆ రంగు చల్లగా, కొత్తగా, ఇంట్లోకి ఉగాది వచ్చినట్టు ఉంటుంది. అదే డబ్బా తెచ్చి హాల్లో మూడు గోడలకు రెండు కోట్లు కొట్టించాక సాయంత్రం లైటు వేస్తే గుండె జారుతుంది. కార్డులో ఇంత గాఢంగా లేదు కదా అని పెయింటర్‌ని అడుగుతారు, ఆయన డబ్బా మీద నంబరు చూపిస్తాడు, నంబరు సరిగ్గానే ఉంటుంది. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. పసుపు, ఆకుపచ్చ కలిసే చోట ఉండే రంగుల స్వభావమే అది, చిన్న ముక్కలో ఒకలా, గోడ మీద ఇంకోలా, రాత్రి మరోలా కనిపిస్తాయి. ఆ స్వభావం తెలియక వేయించినవాళ్లు ఈ రంగు ఇళ్లకు పనికిరాదని తేల్చేసి మళ్లీ క్రీమ్ రంగుకు వెళ్లిపోతారు. అలా వదిలేయాల్సినంత చెడ్డ రంగు కాదిది, ఎంచుకునే పద్ధతిలోనే లోపం ఉంది.

మనకు ఈ రంగు కొత్తది కూడా కాదు, భాషలోనే ఉంది. తెలుగులో పచ్చ అన్న మాటకు కచ్చితంగా ఇదీ అని ఒక రంగు లేదు. పచ్చకామెర్లలో పచ్చ పసుపు, పచ్చని చేలలో పచ్చ ఆకుది, పచ్చల హారంలో పచ్చ మరకతం. విడదీసి చెప్పాల్సి వస్తేనే పసుపుపచ్చ అనో ఆకుపచ్చ అనో ముందు ఒక మాట తగిలిస్తాం, లేకపోతే రెండూ పచ్చే. ఇల్లు పచ్చగా ఉండాలని దీవించినప్పుడు అందులో ఏ పచ్చ ఉందో ఎవరూ అడగరు. ఆ రెండు పచ్చల మధ్య ఉన్న రంగుకు మనవాళ్లు చిలక పేరు పెట్టారు, చీరల కొట్టులో చిలకపచ్చ అంటే ఎవరికీ వివరించక్కర్లేదు. ఇంగ్లీషులో దీని దగ్గరి రంగును షార్ట్రూజ్ అంటారు, ఫ్రాన్స్ కొండల్లో కార్తూసియన్ సన్యాసులు మూలికలతో చేసే మద్యం పేరు అది, ఆ సీసాలోని రంగే రంగు పేరైంది. పెయింట్ కంపెనీలు లైమ్ అని, పారట్ అని, పిస్తా అని రకరకాల పేర్లు పెడతాయి కానీ పేరు చూసి నమ్మకం పెట్టుకోకూడదు, ఒక కంపెనీ లైమ్ ఇంకో కంపెనీ పిస్తాకు దగ్గరగా ఉండొచ్చు.

ఈ రంగు అంతగా పట్టి లాగడానికి కారణం మన కంట్లోనే ఉంది. పగటి వెలుతురులో మనిషి కన్ను అన్నిటికంటే ఎక్కువగా స్పందించేది 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతికి, ఆ కాంతి సరిగ్గా పసుపు కలిసిన ఆకుపచ్చ. రంగులు చూసే మూడు రకాల కణాల్లో రెండు రకాలు ఆ చోట ఒకేసారి గట్టిగా స్పందిస్తాయి. అందుకే అంతే శక్తి ఉన్న నీలి కాంతి కంటే ఈ కాంతి మనకు చాలా వెలుగుగా అనిపిస్తుంది. రోడ్ల మీద పనిచేసేవాళ్లకు ఇచ్చే మెరుపు జాకెట్లు ఈ రంగులో ఉండటం, టీవీలో బాగా కనిపించాలని 1972లో టెన్నిస్ బంతిని తెలుపు నుంచి ఈ పసుపుకు మార్చడం, 1986లో వింబుల్డన్ కూడా దానికే రావడం, అన్నిటికీ ఒకటే ఉద్దేశం, చూపు అటే పోవాలి. ఇంటి గోడ విషయంలో అదే గుణం చిక్కు తెస్తుంది. గోడ అనేది వెనక ఉండాల్సిన వస్తువు, ముందు మనుషులు, సామాను ఉండాలి. చూపును లాగే రంగును వెనక్కి పెడుతున్నామంటే ఎంత మోతాదులో, ఏ గోడకు, దాని పక్కన ఏమిటి అన్నవి ముందే ఆలోచించుకోవాలి.

ఇప్పుడు షేడ్ కార్డు సంగతి. కార్డులో ముక్క చుట్టూ తెల్ల కాగితం ఉంటుంది, గదిలో ఆ రంగు చుట్టూ అదే రంగు ఉంటుంది. కిటికీలోంచి వచ్చిన వెలుతురు ఒక చిలకపచ్చ గోడకు తగిలి ఎదురుగా ఉన్న చిలకపచ్చ గోడ మీద పడుతుంది, అక్కడినుంచి మళ్లీ వెనక్కి వస్తుంది. తగిలిన ప్రతిసారీ గోడ ఆ వెలుతురులోని నీలాన్ని, కొంత ఎరుపును మింగేసి పచ్చను మాత్రం బయటికి పంపుతుంది. రెండు మూడుసార్లు అలా అటూ ఇటూ తిరిగాక గదిలో ఉన్న వెలుతురే పచ్చబడిపోతుంది, ఆ పచ్చ వెలుతురులో పచ్చ గోడ ఇంకా పచ్చగా కనిపిస్తుంది. దీనికి తోడు ఏ రంగైనా పెద్ద విస్తీర్ణంలో చూస్తే చిన్న ముక్కలో కంటే గాఢంగానే అనిపిస్తుంది. ఇది అన్ని రంగులకూ జరిగేదే, బూడిద రంగులో ఎవరూ పట్టించుకోరు, ఇంత వెలుగున్న రంగులో మాత్రం కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అందుకే కార్డులో కళ్లకు నచ్చిన ముక్కను కాకుండా దాని కంటే కొంచెం మాసినట్టు, కొంచెం బూడిద కలిసినట్టు ఉన్న ముక్కను తీసుకోవాలి. కార్డు మీద అది నీరసంగా కనిపిస్తుంది, షాపులో పక్కనున్నవాళ్లు ఇదేం రంగు అంటారు కూడా. గోడ మీదికి వచ్చాక అదే మీరు మొదట ఇష్టపడిన రంగు అవుతుంది.

గది మూలలు కూడా గమనించాలి. పసుపులో కొద్దిగా నలుపు కలిపి చూస్తే అది ముదురు పసుపు అవదు, ఆకుపచ్చ వైపు, గోరింటాకు ముద్ద రంగు వైపు పోతుంది. నీడ కూడా అలాగే పనిచేస్తుంది. కిటికీ పక్కన ఎండ పడేచోట నిమ్మపండులా కనిపించే గోడ, బీరువా వెనక మూలకు వచ్చేసరికి గోరింటాకులా కనిపిస్తుంది. ఒకే డబ్బా, ఒకే గోడ. కొందరికి ఈ తేడా చాలా ఇష్టం, గోడకు ప్రాణం ఉన్నట్టు ఉంటుందంటారు, వాళ్ల మాటలో నిజం ఉంది. వెలుతురు తక్కువగా ఉన్న గదిలో మాత్రం గోడంతా ఆ నీడ రంగులోనే మిగిలిపోతుంది, అప్పుడు చెమ్మ పట్టిందేమో, నాచు పట్టిందేమో అన్నట్టు ఉంటుంది. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య సందులోకి తెరుచుకునే బెడ్‌రూముకు ఈ రంగు వేసి వెలుతురు పెరుగుతుందని ఆశపడటం వృథా. రంగు వెలుతురును పుట్టించదు, ఉన్న వెలుతురును మార్చి ఇస్తుంది, అంతే.

అసలు మన ఇళ్లలో వెలుతురు ఎలాంటిదో చూడాలి. పగలంతా కర్టెన్లు వేసి ట్యూబ్‌లైటు కింద బతకడం పట్టణాల్లో మామూలైంది. మన దగ్గర ఎక్కువగా కొనే ఎల్ఈడీ ట్యూబులు తెల్లగా, కాస్త నీలంగా వెలిగేవి, డబ్బా మీద 6500కె అని ఉంటుంది, కె అంటే కెల్విన్, వెలుతురు రంగును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపు వైపు వెళ్తుంది. ఆ వెలుతురులో చిలకపచ్చలోని పసుపు తగ్గిపోయి ఆకుపచ్చ పైకి తేలుతుంది, గోడ చల్లగా, కొంచెం కఠినంగా కనిపిస్తుంది. 2700కె, 3000కె బల్బుల పసుపు వెలుతురులో అదే గోడ ఆవపిండి రంగు వైపు వాలుతుంది. మధ్యలో 4000కె దగ్గర దొరికేవి ఈ రంగుకు బాగా నప్పుతాయి, రంగులను సరిగ్గా చూపించే గుణం, అంటే సీఆర్ఐ అని రాసి ఉండే అంకె, 90 పైన ఉంటే ఇంకా మంచిది. లైట్ల గురించి ఆలోచించకుండా ఈ రంగు ఎంచుకోవడం అంటే సగం సంగతి చూసి నిర్ణయం తీసుకోవడమే. చాలా ఇళ్లలో రంగు ముందు, లైట్లు తర్వాత, ఎలక్ట్రీషియన్ తెచ్చినవి బిగించేస్తాడు. చిలకపచ్చకు ఈ వరస తిరగబడాలి.

పగటి వెలుతురూ అన్ని గదుల్లో ఒకటి కాదు. ఉత్తరం కిటికీ గదిలోకి ఎండ నేరుగా రాదు, ఆకాశం నుంచి వచ్చే నీలి వెలుతురే ఎక్కువ, అక్కడ ఈ రంగులో పసుపు పాలు కొంచెం ఎక్కువ ఉన్న షేడ్ తీసుకోవాలి. పడమర గదిలో మధ్యాహ్నం మూడు దాటాక పసుపు ఎండ గోడ నిండా పడుతుంది, అక్కడ పసుపు పాలు ఎక్కువైతే కళ్లు మూసుకోవాల్సిందే, విజయవాడలోనో రామగుండంలోనో ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కిటికీ బయట వేపచెట్టు గుబురుగా ఉంటే లోపలికి వచ్చే వెలుతురే ఆకుల్లోంచి వడకట్టుకుని పచ్చగా వస్తుంది, ఆ గదికి చిలకపచ్చ గోడ అనవసరం, చెట్టు ఆ పని చేస్తూనే ఉంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉంటున్న తెలుగువాళ్లకు లెక్క కొంచెం మారుతుంది. శీతకాలంలో నెలల తరబడి మబ్బు వెలుతురు ఉండే ఊళ్లలో ఇక్కడ మితిమీరిందనిపించే షేడ్ కూడా హాయిగా ఉంటుంది, కాబట్టి హైదరాబాద్‌లో చుట్టాలింట్లో చూసిన రంగు నంబరు అడిగి అక్కడ అదే వేయించుకుంటే అదే ఫలితం రాదు, అటు నుంచి ఇటు తెచ్చుకున్నా అంతే.

అందుకే పరీక్ష చేసి చూడటం తప్పనిసరి, అది కూడా పాత గోడ మీద నాలుగు గీతలు గీసి కాదు. పాత రంగు మధ్యలో కొత్త రంగు పట్టీ పెడితే చుట్టూ ఉన్న పాత రంగు కంటిని తప్పుదారి పట్టిస్తుంది, గులాబీ రంగు గోడ మీద చిలకపచ్చ ఉన్నదానికంటే రెట్టింపు పచ్చగా కనిపిస్తుంది. చిన్న సాంపిల్ డబ్బా తెచ్చి రెండడుగుల ప్లైవుడ్ ముక్క మీదో దళసరి అట్ట మీదో తెల్ల ప్రైమర్ వేసి రెండు కోట్లు వేయాలి, ఆరనివ్వాలి, ఎమల్షన్ ఆరాక తడిలో ఉన్నప్పటి కంటే కొంచెం ముదురుతుంది. ఆ ముక్కను ఒక రోజంతా గదిలో తిప్పాలి, పొద్దున్న కిటికీ పక్కన, మధ్యాహ్నం ఎదురు గోడకు, రాత్రి లైట్ల కింద సోఫా వెనక. రెండు ముక్కలు చేసి గది మూలలో ఎదురెదురుగా నిలబెడితే పైన చెప్పిన గోడల మధ్య వెలుతురు ఆట కూడా కాస్త తెలుస్తుంది. రెండు రోజుల పని, కొన్ని వందల రూపాయలు. గది మొత్తం మళ్లీ కొట్టించే ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

పక్క రంగు ప్రభావం మీద పెద్ద పరిశోధన జరిగింది బట్టల మూలంగానే. పారిస్‌లో గోబ్లాఁ నేత కర్మాగారంలో అద్దకం పనులు చూసే షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తకు నల్ల దారం సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదులొచ్చేవి. దారం బాగానే ఉందని, పక్కన నేసిన రంగులవల్ల అలా కనిపిస్తోందని ఆయన గ్రహించి, 1839లో దాని మీద పెద్ద గ్రంథమే వెలువరించాడు. మన ఇళ్లలో ఆడవాళ్లకు ఈ సంగతి ఆ పుస్తకంతో పని లేకుండానే తెలుసు. చిలకపచ్చ చీరకు ఏ అంచు బాగుంటుందని ఏ ఊళ్లో అడిగినా రాణి రంగు అంటారు, లేదా వంగపండు రంగు అంటారు, కొందరు ఎరుపంటారు. రంగుల చక్రంలో పసుపు కలిసిన ఆకుపచ్చకు సరిగ్గా ఎదురుగా ఉండేది ఎరుపు కలిసిన ఊదా, అంటే ఆ రాణి, వంగపండు రంగుల చుట్టుపక్కలే. చక్రం చూడకుండా చూపుతో చేరుకున్న జవాబు అది.

గోడ రంగుల గురించి ఆలోచించేటప్పుడు ఈ చీర లెక్క చాలా పనికొస్తుంది. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు, ఒళ్లంతా ఒక రంగు పరుచుకుని ఉంటే అంచు దాన్ని పట్టి ఉంచుతుంది. చిలకపచ్చ పట్టుచీరను అంచు లేకుండా ఊహించుకోండి, అదే చీర ఎంత వెలవెలబోతుందో, కళ్లకు ఎంత పొడుచుకుంటుందో తెలుస్తుంది. అంచు లేని చిలకపచ్చ గది కూడా అంతే, నాలుగు గోడలూ అదే రంగు, పైన తెల్ల సీలింగ్, కింద తెల్లటి టైల్స్, చూపు ఆగడానికి ఎక్కడా ముదురు గీత లేదు. గదికి అంచు అంటే ఏమిటి? టేకు తలుపు, ద్వారబంధం, గోడకింద స్కర్టింగ్, ముదురు కర్టెన్లు, నేల మీద పరిచిన జంపఖానా, పుస్తకాల అలమర. టేకు, మద్ది లాంటి కలపలో ఉండే ఎర్రని గోధుమ రంగు ఈ పచ్చకు సహజంగా జోడీ, పాలిష్ చేసిన పాత తలుపులున్న ఇళ్లలో చిలకపచ్చ అందుకే అంత నిండుగా ఉంటుంది. కడప నల్లబండ నేల ఉంటే ఇంకా అదృష్టం. తాండూరు బండలోని నీలి బూడిద రంగు కూడా బాగా ఒదుగుతుంది. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో వేసే మెరిసే ఐవరీ టైల్స్‌తోనే ఇబ్బంది, అవి గోడ పచ్చను అద్దంలా పట్టి నేల మీద కూడా పరుస్తాయి, కింద ముదురు రంగు తివాచీ ఒకటి వేస్తే తప్ప గది కుదురుగా ఉండదు.

తెలుపు గురించి ఒక మాట. ఏ రంగు పక్కన పెట్టాలో తెలియనప్పుడు తెలుపు పెట్టేయడం అలవాటు, తెలుపుతో ఏదైనా నప్పుతుందనుకుంటారు. చిలకపచ్చ పక్కన అచ్చ తెలుపు నీలంగా, కొంచెం ఊదాగా కనిపిస్తుంది, సున్నంలో నీలిమందు ఎక్కువైనట్టు. గులాబీ ఛాయ ఉన్న క్రీమ్ అయితే మురికి పట్టినట్టు ఉంటుంది. పసుపు, బూడిద చెరో చుక్క కలిసిన మెత్తటి తెలుపు, అంటే వడ్లగింజ లోపల బియ్యం ఉండే తెలుపు, దీని పక్కన ప్రశాంతంగా ఉంటుంది.

ఏ గోడకు వేయాలి అన్నదాంట్లో అభిప్రాయాలు వేరువేరుగా ఉంటాయి కానీ ఒక్క విషయం గట్టిగా చెప్పొచ్చు, అద్దం ఉన్న చోట, భోజనాల బల్ల పక్కన గాఢమైన చిలకపచ్చ వద్దు. గోడ నుంచి వచ్చే పచ్చ వెలుతురు ముఖం మీద పడుతుంది, చామనఛాయ ముఖమైనా తెల్లని ముఖమైనా జబ్బు పడి లేచినట్టు అనిపిస్తుంది, పొద్దున్నే అద్దంలో చూసుకుని ఆఫీసుకు వెళ్లేవాళ్లకు అది మంచి ఆరంభం కాదు. పెరుగన్నం రంగు కూడా మారుతుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు వీడియో కాల్‌లో వెనక ఈ గోడ పెట్టుకుంటే కెమెరా ఆ పచ్చను సర్దబోయి ముఖాన్ని గులాబీగా మార్చేస్తుంది. సోఫా వెనక గోడ కంటే సోఫాకు ఎదురుగోడ మంచిదని చాలామంది అనుకుంటారు, నిజానికి తిరగేసి చూడాలి. ఎదురుగోడ అయితే కూర్చున్నంతసేపూ కళ్లెదుటే ఉంటుంది, వెనక గోడ అయితే గదిలోకి వచ్చేవాళ్లకు కనిపించి సంతోషపెడుతుంది, కూర్చున్నవాళ్లను అలసిపోనివ్వదు.

అన్నిటికంటే బాగా కుదిరే చోటు గుమ్మం. పసుపు రాసిన గడప, దాని మీద కుంకుమ బొట్లు, పైన మామిడాకుల తోరణం, మన వాకిలి ఎప్పటినుంచో ఈ రంగుల్లోనే ఉంది. లిఫ్టు దిగగానే కనిపించే చిన్న నడవాలో, చెప్పుల స్టాండు ఉన్న గోడకు చిలకపచ్చ వేస్తే తోరణం రంగు గోడంతా పాకినట్టు ఉంటుంది. అక్కడ ఎవరూ గంటలకొద్దీ కూర్చోరు కాబట్టి గాఢమైన షేడ్ వేసినా ఇబ్బంది లేదు. దాటుకుంటూ పోయే చోట్లన్నీ ఈ రంగువే అనుకోవచ్చు, మెట్ల గోడ, కారిడార్ చివర, బాల్కనీ లోపలి గోడ. అలమర తలుపు తీస్తే లోపల కనిపించేలా వేయించుకునేవాళ్లున్నారు, కొద్ది పెయింట్‌తో ఎక్కువ ఆనందం. వంటింట్లో నల్ల గ్రానైట్ గట్టు ఉంటే పై గోడకు కూడా బాగుంటుంది, అయితే క్యాబినెట్లు, టైల్స్, గోడ మూడూ ఇదే రంగులో ఉండకూడదు.

పెద్దవాళ్లు ఈ రంగును ఆస్పత్రి రంగు అని కొట్టేయడం చాలా ఇళ్లలో జరిగేదే. దాని వెనక ఒక జ్ఞాపకం ఉంది. పాత ప్రభుత్వ ఆస్పత్రుల్లో, స్కూళ్లలో, ఆఫీసుల్లో గోడ కింద సగానికి పచ్చ ఆయిల్ పెయింట్ వేసేవాళ్లు, మరకలు తుడిచేందుకు వీలుగా. మెరిసే ఆ పచ్చ, దాని పైన మాసిన సున్నం, ఫినాయిల్ వాసన, అన్నీ కలిసి మనసులో ఉండిపోయాయి. ఆ జ్ఞాపకాన్ని తీసిపారేయకూడదు, ఇంట్లో ఉండేది వాళ్లు కూడా. ఆ రంగులో పసుపు తక్కువ, నీలం ఎక్కువ, పైగా నిగనిగలాడే ఆయిల్ పెయింట్. పసుపు పాలు పెంచి, మెరుపు లేని మ్యాట్ ఎమల్షన్ తీసుకుంటే ఆ పోలిక చాలావరకు పోతుంది. మ్యాట్ వల్ల ఇంకో లాభం, లప్పం పెట్టడంలో వచ్చిన ఎగుడుదిగుళ్లు కనిపించవు. వెలుగున్న రంగు మీద చిన్న లోపమైనా తెలిసిపోతుంది. ఊళ్లలో ఇంకో సంగతి, బయటి గోడకు అచ్చ పసుపు వేస్తే అది పార్టీ రంగేమో అని చూస్తారు, దానికి ఆకుపచ్చ పాలు కలిపితే ఆ అనుమానానికి తావుండదు.

పెయింటర్‌తో మాట్లాడేటప్పుడు తెలియాల్సిన పని విషయాలు కొన్ని ఉన్నాయి. లేత రంగులు తెల్ల బేస్‌లో, అంటే రంగు వేయకముందు ఉండే మూల పెయింట్‌లో కలుపుతారు, అందులో టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి దండిగా ఉంటుంది, కింది గోడను కప్పేసేది అదే. గాఢమైన చిలకపచ్చ రావాలంటే తెలుపు తక్కువున్న బేస్ తీసుకోవాలి, అందువల్ల కప్పే శక్తి తగ్గుతుంది, రెండు కోట్లకు రోలర్ చారలు, కింది రంగు కనిపిస్తూనే ఉంటాయి. మూడో కోటు ముందే లెక్కలో పెట్టుకోవాలి, లేదా ప్రైమర్‌లోనే కాస్త ఆ రంగు కలిపించుకోవాలి. గోడకు సరిపడా డబ్బాలన్నీ ఒకేసారి కలిపించి, పెద్ద బకెట్‌లో పోసి ఒకటి చేసి వాడాలి, రెండు రోజుల తర్వాత కలిపించిన డబ్బాలో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఈ రంగులో కనిపిస్తుంది. కొత్త సిమెంటు గోడ అయితే పూర్తిగా ఆరకుండా తొందరపడకూడదు. పచ్చి సిమెంటులో, సున్నంలో ఉండే క్షారం కొన్ని రంగులను మార్చేస్తుంది, పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేది ఆ గుణం వల్లే. క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ మీదే రంగు వేయాలి.

ఇంటి బయట గోడలకు ఈ రంగు వేయించేవాళ్లు ఇంకొక్కటి తెలుసుకోవాలి. ఈ మెరిసే పచ్చలో రెండు రకాల పొడులుంటాయి, పసుపునిచ్చేది ఒకటి, ఆకుపచ్చనిచ్చేది ఒకటి. ఆకుపచ్చకు వాడే థాలో అనే కృత్రిమ రంగు పొడి ఎండకు చాలా కాలం నిలబడుతుంది, చవకైన ఆర్గానిక్ పసుపులు అంత నిలబడవు. పడమటి గోడ మీద రెండు మూడు వేసవులు పోయేసరికి పసుపు సగం వెళ్లిపోయి, నిమ్మపండులా ఉన్న ఇల్లు పాలిపోయిన సముద్రపు రంగులోకి వస్తుంది, ఎండ నేరుగా తగలని గోడ మాత్రం ఇంకా పాత రంగులోనే ఉంటుంది. ఐరన్ ఆక్సైడ్ పసుపుతో చేసే ముదురు, మట్టి ఛాయ ఉన్న పచ్చలు ఎండను తట్టుకుంటాయి. కాబట్టి బయటకు గోరింటాకు రంగు వైపు, లోపలికి అరటాకు రంగు వైపు వెళ్లడం తెలివైన పని.

పాత ఇల్లయితే కిటికీ ఊచలకు, తలుపులకు ఉన్న పసుపు, ఆకుపచ్చ ఆయిల్ పెయింట్‌ను ఎండు ఎమెరీ కాగితంతో గీకించవద్దు. ఆ రంగుల్లో క్రోమ్ ఎల్లో వాడేవారు, అది సీసంతో చేసిన పొడి, దాన్ని ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలి పొడితో కలిపితేనే క్రోమ్ గ్రీన్ అనే పచ్చ వస్తుంది. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం పది లక్షల వంతుల్లో 90 మించకూడదని కేంద్రం 2016లో తెచ్చిన నిబంధనలు 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన పూతలో ఎంత ఉందో చూసి చెప్పలేం. తడిపి గీకించడం, ఆ సమయంలో పిల్లల్ని, గర్భిణులను దూరంగా ఉంచడం, రాలిన పెచ్చులు జాగ్రత్తగా ఎత్తి పారేయడం కనీస జాగ్రత్తలు. ఈ పచ్చల చరిత్రలో విషం కొత్త కాదు. 1775లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే కనిపెట్టిన పచ్చలో ఆర్సెనిక్ ఉండేది, పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ ఇళ్లలో గోడ కాగితాలకు అలాంటి పచ్చలే వాడారు, చెమ్మ పట్టి బూజు పెరిగితే ఆ కాగితాల నుంచి విషవాయువు వచ్చేది. ఇప్పటి నీటి ఎమల్షన్లలో ఆ భయం లేదు, పాత పూతల విషయంలోనే జాగ్రత్త.

సామాను సర్దేటప్పుడు ఒకటి రెండు ఆశ్చర్యాలు ఎదురవుతాయి. ఇత్తడి బిందె, ఇత్తడి దీపం ఈ గోడ ముందు వెలవెలబోతాయి, రెండింట్లోనూ పసుపే కాబట్టి. రాగి చెంబు మాత్రం మండినట్టు వెలుగుతుంది. ఇంట్లో చక్కగా పెరిగిన మనీప్లాంట్ ఈ గోడ ముందు కనిపించకుండా పోతుంది, ముదురాకుల మొక్కలు, ఎర్ర ఆకుల క్రోటన్లు నిలబడతాయి. కలంకారీ గుడ్డ ఒకటి చెక్క ఫ్రేములో కట్టించి పెడితే అద్భుతంగా ఉంటుంది. అందులోని మట్టి ఎరుపు, నలుపు ఈ పచ్చను పట్టి ఆపుతాయి, శ్రీకాళహస్తి పనిలో ఆకుపచ్చ కూడా నీలి మీద పసుపు వేసి తెచ్చిందే కాబట్టి గోడకూ బొమ్మకూ లోపల చుట్టరికం ఉంటుంది. కొండపల్లి బొమ్మల ఎరుపులు కూడా అంతే.

ఇప్పటికే వేయించేసి కంటికి ఇబ్బందిగా ఉందనుకునేవాళ్లు వెంటనే పెయింటర్‌ని పిలవక్కర్లేదు. మొదట ట్యూబ్ మార్చి 4000కె పెట్టి నాలుగు రోజులు చూడండి, చాలా ఇళ్లలో సగం గొడవ అక్కడే తీరుతుంది. తర్వాత తెల్ల కర్టెన్లు తీసి వంగపండు రంగువో మెరూన్‌వో కట్టండి, నేల మీద ముదురు తివాచీ పరవండి, అంటే గదికి అంచు కట్టడం. అప్పటికీ సరిపోకపోతే నాలుగు గోడల్లో కిటికీకి ఎదురుగా ఉన్నదాన్ని ఒక్కదాన్నే మెత్తటి తెలుపు చేయించండి. వెలుతురు తిరిగే దారిలో ఒక గోడ తెలుపైతే మిగతా మూడు గోడల పచ్చ కూడా తగ్గినట్టు కనిపిస్తుంది, వాటిని ముట్టుకోకుండానే.